పట్టా ఒకరిది, మోకా మీద ఇంకొకరు: స్టోరేజీ ఉద్యోగంలో చేరినవారికి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి డిగ్రీయో బీటెకో చేసి హైదరాబాద్‌కో మడికొండ ఐటీ పార్కుకో వెళ్లే పిల్లల్లో ఎంతోమందికి మొదటి ఉద్యోగం సపోర్టులోనే దొరుకుతుంది. అందులో స్టోరేజీ టీమ్ వచ్చిందంటే కొందరు డీలా పడతారు. కోడింగ్ చేసే స్నేహితుల ముందు తమది చిన్న పనని అనుకుంటారు. అలా అనుకోవాల్సిన అవసరం లేదు. అప్లికేషన్ పడిపోతే మళ్లీ లేపవచ్చు, సర్వర్ కాలిపోతే కొత్తది కొనవచ్చు. డేటా పోతే మాత్రం కొనుక్కురావడానికి ఏ షాపూ లేదు. ఆ డేటాకు కాపలా ఉండే ఉద్యోగం మీది.

మన జిల్లాల సంగతే చూడండి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బోధనాసుపత్రి అంటేనే స్కాన్ చిత్రాలు, ల్యాబ్ రిపోర్టులు, రోగుల రికార్డులు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం 1100 మెగావాట్లది, దాని లెక్కలూ డేటానే. భూపాలపల్లి గనుల్లో పనిచేసే కార్మికుడి జీతం లెక్కైనా, గనికి కావాల్సిన స్పేర్ల లెక్కైనా కంప్యూటర్‌లోనే తేలాలి. రైతు భూమి రికార్డు మొన్నటిదాకా ధరణిలో ఉండేది, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. తెర మీద పేరేదైనా, ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో ఒక సర్వర్ ఉంటుంది, దానికి తగిలించిన స్టోరేజీ వాల్యూమ్ ఉంటుంది. ఆ వాల్యూమ్ ఏ సర్వర్‌దో, ఆ సర్వర్ ఎవరిదో చెప్పగలిగే మనిషి ఉండాలి. ఆ మనిషి మీరు కావాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పని ఏమిటో చూద్దాం. పెద్ద సంస్థల్లో డిస్కులన్నీ ఒక స్టోరేజీ ఆరేలో ఉంటాయి. అందులోంచి 500 జీబీయో 2 టీబీయో కోసి వాల్యూమ్ చేస్తారు. ఆ వాల్యూమ్‌ను ఒక సర్వర్‌కు మ్యాప్ చేస్తారు. సర్వర్ దాన్ని తన సొంత డిస్కుగా చూస్తుంది. మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో సర్వర్‌ను కూడా ఒక వస్తువుగా నమోదు చేయాలి. డెల్ స్టోరేజ్ మేనేజర్‌లో దాన్ని సర్వర్ అనే పిలుస్తారు, ప్యూర్‌లో హోస్ట్ అంటారు, నెట్‌యాప్‌లో ఇనీషియేటర్ గ్రూపులో పెడతారు. కంపెనీ మారితే బటన్ మారుతుంది, పని మారదు. అందుకే ఒక కంపెనీ తెరను బట్టీ పట్టకండి. ఆరే మీద సర్వర్ నమోదు, వాల్యూమ్, ఆ రెండింటి మధ్య మ్యాపింగ్, ఈ మూడూ అర్థమైతే ఏ కంపెనీ డబ్బా ఇచ్చినా వారంలో చేయి తిరుగుతుంది.

ఇక అసలు విషయం. భూమి గొడవలు చూసి పెరిగినవాళ్లం కనుక మనకు ఇది తొందరగా పట్టుబడుతుంది. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. కాగితం మీద ఒకరి పేరుంటుంది, మోకా మీద దున్నేది ఇంకొకరు. స్టోరేజీలోనూ అంతే. ఆరే తెర మీద వాల్యూమ్ ఫలానా సర్వర్‌కు మ్యాప్ అయిందని ఉంటుంది. అది పట్టా. ఆ సర్వర్ లోపలికి వెళ్లి చూస్తే ఆ డిస్కు మౌంట్ అయి ఉండొచ్చు, మూడేళ్లుగా ఖాళీగా పడి ఉండొచ్చు, ఎవరూ చెప్పకుండా ఒక డేటాబేస్ దాని మీద నడుస్తూ ఉండొచ్చు. అది కబ్జా. పట్టా మాత్రమే చూసి నిర్ణయం తీసుకునే స్టోరేజీ ఇంజనీరు ఎప్పుడో ఒకప్పుడు ఎవరి బతుకుదెరువు మీదనో చేయి వేస్తాడు. రెండు కాలమ్‌లూ చూసుకున్నాకే కదలాలి.

కొత్త సర్వర్‌ను నమోదు చేసేటప్పుడే సగం తప్పులు దొర్లుతాయి. ఫైబర్ చానల్ అయితే సర్వర్ కార్డులోని ప్రతి పోర్టుకూ ఒక డబ్ల్యూడబ్ల్యూపీఎన్ ఉంటుంది, 16 అక్షరాల హెక్సా సంఖ్య. సర్వర్ టీమ్ పంపిన మెయిల్‌లోంచి దాన్ని కాపీ చేసి అతికించండి, చూసి టైపు చేయకండి. తర్వాత స్విచ్ మీద లాగిన్ అయిన పోర్టుతో సరిపోల్చండి. ఐస్కజీ అయితే ఐక్యూఎన్ అనే పేరు ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది, కొంచెం వివరంగా చెప్తాను.

వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేసి కొత్త సర్వర్ తయారు చేయడం రోజూ జరిగేదే. లైనక్స్‌లో ఐక్యూఎన్ ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. క్లోన్ చేసినప్పుడు ఆ ఫైలు కూడా అలాగే వచ్చేస్తుంది. హోస్ట్‌నేమ్ మారుస్తారు, ఐపీ మారుస్తారు, ఈ ఫైలు మరిచిపోతారు. ఇప్పుడు రెండు సర్వర్లకూ ఒకటే ఐక్యూఎన్. ఆరేకు ఆ రెండూ ఒకే మనిషిలా కనిపిస్తాయి. పాత సర్వర్‌కిచ్చిన వాల్యూమ్ కొత్త సర్వర్‌కూ కనిపిస్తుంది. రెండూ ఒకే డిస్కును మౌంట్ చేశాయంటే, అది ఈఎక్స్‌టీ4 అయినా ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయినా ఎన్‌టీఎఫ్‌ఎస్ అయినా, ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది. ఇవన్నీ ఒక్క సర్వర్ రాసుకునేందుకు పుట్టిన ఫైల్ సిస్టమ్‌లు. ఒకరు రాసింది రెండోవారికి తెలియదు. వెంటనే తెలిసినా బాగుండు, కొన్నిసార్లు రోజుల తర్వాత గానీ బయటపడదు. అప్పటికి బ్యాకప్‌లోకి కూడా చెడిన డేటానే చేరి ఉంటుంది. కాబట్టి సర్వర్ టీమ్ కొత్త ఐక్యూఎన్ పంపగానే ఆరేలో వెతకండి. అది ముందే నమోదై ఉంటే మ్యాప్ చేయకండి, టికెట్ వెనక్కి పంపండి. రెండు నిమిషాల పని.

వీఎంవేర్ క్లస్టర్ వంటివి వేరు. అక్కడ చాలా హోస్ట్‌లు ఒకే వాల్యూమ్‌ను పంచుకోవడానికే వీఎంఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంది. అప్పుడు హోస్ట్‌లన్నిటినీ ఒక సర్వర్ క్లస్టర్‌గా నమోదు చేసి, మ్యాపింగ్ క్లస్టర్‌కే ఇవ్వాలి. ఒక్కో హోస్ట్‌కూ విడివిడిగా ఇచ్చుకుంటూ పోతే ఏదో ఒక రోజు కొత్త హోస్ట్‌కు ఒక వాల్యూమ్ ఇవ్వడం మరిచిపోతారు, వర్చువల్ మెషీన్ అక్కడికి వెళ్లలేక ఆగిపోతుంది. అలాగే క్లస్టర్‌కు ఇచ్చే డేటా వాల్యూమ్‌లూ, ఒక్కో హోస్ట్ బూట్ అయ్యే వాల్యూమ్‌లూ కలిపేయకండి. బూట్ వాల్యూమ్ ఆ ఒక్క హోస్ట్‌దే.

మ్యాపింగ్ అయ్యాక అందరూ డిస్కు కనిపించిందా అని అడిగి టికెట్ మూసేస్తారు. అడగాల్సింది ఎన్ని దారుల్లో కనిపించిందని. సర్వర్‌కు రెండు కార్డులు, మధ్యలో రెండు స్విచ్‌లు, ఆరేలో రెండు కంట్రోలర్లు ఎందుకు పెట్టారు? ఒకటి పోయినా రెండోది నడవాలని. స్విచ్ మీద ఏ పోర్టు ఏ పోర్టుతో మాట్లాడాలో తేల్చే జోనింగ్‌లో ఒక పొరపాటు జరిగి అన్ని దారులూ ఒకే స్విచ్ మీదుగా వెళ్తున్నా డిస్కు చక్కగా కనిపిస్తుంది, పని కూడా చేస్తుంది. ఏడాది తర్వాత ఆ స్విచ్ ఫర్మ్‌వేర్ మార్చే రాత్రి గుట్టు బయటపడుతుంది. లైనక్స్‌లో మల్టీపాత్ మైనస్ ఎల్‌ఎల్ కొట్టించి ఆ అవుట్‌పుట్‌ను టికెట్‌లో పెట్టండి. నాలుగు దారులుండాల్సిన చోట రెండుంటే టికెట్ మూయకండి. ఇంకొకటి, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లను నమ్మి ఎవరైనా మౌంట్ ఎంట్రీ రాస్తుంటే ఆపండి. రీబూట్ అయితే ఆ పేర్లు మారిపోవచ్చు. యూయూఐడీతోనో మల్టీపాత్ పేరుతోనో రాయించండి.

వాల్యూమ్ పెంచడం రోజువారీ పని, దీని మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. ముందు ఆరేలో పెంచాలి, తర్వాత సర్వర్ రీస్కాన్, తర్వాత మల్టీపాత్, చివర ఫైల్ సిస్టమ్. రెప్లికేషన్ ఉంటే అవతలి వైపు వాల్యూమ్ సంగతి ముందే చూసుకోవాలి. తగ్గించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి, కొత్త చిన్న వాల్యూమ్ ఇచ్చి డేటా అక్కడికి మార్చుకోమనండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌నైతే మామూలుగా కుదించే వీలే లేదు.

థిన్ ప్రొవిజనింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆరేలో 100 టీబీ నిజంగా ఉంటే, వాల్యూమ్‌లుగా 250 టీబీ పంచిపెట్టవచ్చు. అందరూ ఒకేసారి నిండా వాడరన్న ధీమా అది. ధీమా తప్పినరోజు నిండేది ఒక వాల్యూమ్ కాదు, వాల్యూమ్‌లన్నీ జాగా తీసుకునే పూల్ మొత్తం. అప్పుడు ఏ పాపం ఎరగని సర్వర్లు కూడా రాయలేక ఆగిపోతాయి. సర్వర్‌లో ఫైళ్లు తీసేసినంత మాత్రాన ఆరేలో జాగా వెనక్కి రాదు, సర్వర్ అన్‌మ్యాప్ కమాండ్ పంపితేనే వస్తుంది. కనుక పూల్ ఎంత నిండిందన్నదే కాదు, వారానికి ఎంత చొప్పున నిండుతోందన్నది కూడా రాసిపెట్టుకోండి. ఈ లెక్క ప్రకారం ఫలానా నెలకు నిండిపోతుందని మూడు నెలల ముందు మెయిల్ రాయగలిగిన కుర్రాడిని ఏ మేనేజరూ వదులుకోడు. కొత్త డిస్కులు కొనాలంటే కొటేషన్, ఆమోదం, డెలివరీ అన్నీ కావాలి, ప్రభుత్వ శాఖల్లోనైతే ఇంకా సమయం పడుతుంది.

ఇప్పుడు తీసేయడం. ఇక్కడ తొందరపడితే తిరిగి దిద్దుకునే అవకాశం ఉండదు, అందుకే ఎక్కువసేపు ఆగుదాం.

టికెట్ ఇలా వస్తుంది: పాత సర్వర్ డీకమిషన్ అయింది, దాని వాల్యూమ్‌లు డిలీట్ చేయగలరు. కింద ఎవరిదో అప్రూవల్ ఉంటుంది. మీరు ఆరేలో ఆ సర్వర్ పేరు తెరుస్తారు, ఆరు వాల్యూమ్‌లు కనిపిస్తాయి. చేయి డిలీట్ మీదికి వెళ్లకముందు చూడాల్సినవి ఉన్నాయి. ఆ ఆరింటిలో ఏదైనా ఇంకో సర్వర్‌కు కూడా మ్యాప్ అయి ఉందా? సర్వర్ వెళ్లిపోయినా డేటా వాల్యూమ్‌ను కొత్త సర్వర్‌కు మార్చుకుని ఉండొచ్చు, పాత మ్యాపింగ్ తీయడం మరిచి ఉండొచ్చు. గత పదిహేను రోజుల్లో ఆ వాల్యూమ్‌ల మీద ఐఓ, అంటే చదవడం, రాయడం ఉందా? పెర్ఫార్మెన్స్ గ్రాఫ్‌లో చూడండి. గీత కదులుతుంటే అది చనిపోయిన వాల్యూమ్ కాదు, అప్రూవల్ ఎవరిదైనా సరే. గీత కదలకపోయినా తొందరపడకండి, మూడు నెలలకోసారి లెక్కలు మూసేటప్పుడు మాత్రమే లేచే డేటాబేస్‌లు ఉంటాయి. పేరు మీద ఆధారపడకండి. టెస్ట్ అని పేరు పెట్టుకున్న వాల్యూమ్ మీద ప్రొడక్షన్ నడవడం ఈ రంగంలో అందరూ చూసిందే. సర్వర్ వైపు కనిపించే డిస్కు ఐడీని, అంటే ఎన్‌ఏఏ అని మొదలయ్యే ఆ పొడవాటి సంఖ్యను, ఆరేలోని వాల్యూమ్ ఐడీతో అక్షరం అక్షరం సరిపోల్చండి.

వరుస కూడా ముఖ్యం. ముందు అప్లికేషన్ ఆగాలి. తర్వాత ఫైల్ సిస్టమ్ అన్‌మౌంట్ కావాలి, వీఎంవేర్‌లోనైతే డేటాస్టోర్ అన్‌మౌంట్ చేసి డిస్కును డిటాచ్ చేయాలి. తర్వాత ఆరే మీద మ్యాపింగ్ తీయాలి. తర్వాత సర్వర్ రీస్కాన్. ఈ వరుస తలకిందులు చేసి ఆరే మీద ముందే మ్యాపింగ్ తీసేస్తే, సర్వర్ లేని డిస్కు కోసం వెతుక్కుంటూ నిలబడుతుంది. వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్ట్ అయితే దాని మీదున్న మిగతా వర్చువల్ మెషీన్లకూ ఆ సెగ తగలవచ్చు. లైనక్స్‌లో పాత డిస్కు ఆనవాళ్లు తుడవకుండా అదే లన్ నంబరుతో, అంటే మ్యాప్ చేసేటప్పుడు ఆ డిస్కుకు ఇచ్చిన నంబరుతో, ఇంకో వాల్యూమ్ మ్యాప్ చేస్తే మరీ ప్రమాదం. పాత డిస్కే అనుకుని సర్వర్ కొత్తదాని మీద రాసే పరిస్థితి వస్తుంది.

మ్యాపింగ్ తీశాక వెంటనే డిలీట్ చేయకండి. వాల్యూమ్ పేరు ముందు ‘తీసేయాల్సినది’ అని తేదీతో సహా చేర్చి కనీసం ఒక నెల ఉంచండి. ఆ నెలలో ఎవరైనా నా డిస్కు ఏదని ఫోన్ చేస్తే అయిదు నిమిషాల్లో మళ్లీ మ్యాప్ చేయవచ్చు. డిలీట్ చేశాక అదే ఫోన్ వస్తే చెప్పడానికేమీ ఉండదు. కొన్ని ఆరేలు కొంత దయ చూపిస్తాయి. డెల్ స్టోరేజ్ మేనేజర్‌లో తీసేసిన వాల్యూమ్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. ప్యూర్‌లో మామూలు సెట్టింగు ప్రకారం కనీసం 24 గంటలు ఉంటుంది. నెట్‌యాప్ ఆన్‌ట్యాప్‌లో వాల్యూమ్ తీసేస్తే 12 గంటలు వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, ఆ వాల్యూమ్ లోపల ఉండి సర్వర్‌కు మ్యాప్ అయ్యే లన్‌ను మాత్రమే తీసేస్తే ఆ వెసులుబాటు వర్తించదు. మీ దగ్గరున్న ఆరేలో ఈ గడువు ఎంతో చేరిన మొదటి వారంలోనే తెలుసుకోండి.

అనుభవం ఉన్నవాళ్లకు ఇలాంటివి జరగవని అనుకోవద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో అలసిపోయిన ఒక ఇంజనీరు రెండో సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్ మీద డైరెక్టరీ తీసేశారు. ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. ఉన్నాయనుకున్న బ్యాకప్‌లు ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక వాల్యూమ్ స్నాప్‌షాట్ వారిని ఆదుకుంది. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ సూపర్‌కంప్యూటర్ స్టోరేజీలో బ్యాకప్ స్క్రిప్టులోని తప్పు వల్ల 77 టీబీ పరిశోధన డేటా తుడిచిపెట్టుకుపోయింది. ఆ రెండు సంస్థలూ జరిగింది దాచకుండా లోకానికి చెప్పాయి, అది వారి గొప్పతనం. మనం చేయగలిగింది ఏమిటంటే, తీసేసే ప్రతి పనికీ పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోవడం. మీరు వాల్యూమ్ పేరు, ఐడీ బిగ్గరగా చదవాలి, ఆయన టికెట్‌లో చూసి అవుననాలి. రాత్రి షిఫ్టులో తోడెవరూ లేకపోతే ఆ పని పొద్దున్నకు వాయిదా వేయండి. జాగా ఖాళీ చేయడం అర్జెంటని ఎవరన్నా నమ్మకండి.

స్నాప్‌షాట్ గురించి కూడా ఒక మాట. స్నాప్‌షాట్ కూడా వాల్యూమ్ ఉన్న ఆరేలోనే ఉంటుంది. ఆరే మునిగితే స్నాప్‌షాట్ కూడా మునుగుతుంది. మన దగ్గర మునగడం అన్నది మాటవరసకు అనేది కాదు. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో చిక్కుకోవడం భూపాలపల్లివాళ్లు మరిచిపోలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి కాజీపేట-విజయవాడ లైను ఆగిపోయింది. నిప్పు సంగతి చూస్తే, 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్ అనే స్టోరేజీ 858 టీబీ బూడిదైంది. దానికి బయట ఎక్కడా ఇంకో కాపీ లేదు. అంత సాంకేతికత ఉన్న దేశంలోనే అలా జరిగింది. మీ చేతికింద ఉన్న ప్రతి ముఖ్యమైన వాల్యూమ్‌కూ వేరే ఊళ్లో కాపీ ఉందా, ఆ కాపీని చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు అన్నవి అడగండి. కొత్తగా చేరినవాడు అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు. వరదల రోజుల్లో ఆన్‌కాల్ ఉన్నవారు ఊరికి వెళ్లాల్సి వస్తే, దారి తెగిపోతే తమ బదులు ఎవరు చూస్తారో షిఫ్టు లీడ్‌తో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. భూపాలపల్లికి రైలు లేదు, హన్మకొండ రోడ్డు తప్ప వేరే ఆధారం తక్కువ. అది చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంగ్లిష్ మాట్లాడటం రాదని వెనక్కి తగ్గేవారికి ఒక్క మాట. స్టోరేజీ పనిలో నోటి ఇంగ్లిష్ కన్నా టికెట్‌లో రాసే నాలుగు వాక్యాలకు విలువ ఎక్కువ. ఏ వాల్యూమ్, ఏ సర్వర్, ఎవరు అడిగారు, ఏం చేశాం, చేశాక ఏం చూశాం. ఇవి స్పష్టంగా రాస్తే చాలు. అర్థం కాని ఫోన్ కాల్‌లో అవునవునని తలూపకండి, మెయిల్‌లో రాసి పంపమని అడగండి.

నేర్చుకోవడానికి లక్షల రూపాయల కోర్సు అక్కర్లేదు. 8 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్ వేసి మూడు లైనక్స్ మెషీన్లు పెట్టుకోండి. ఒకదాన్ని టార్గెట్‌సీఎల్‌ఐతో ఐస్కజీ స్టోరేజీగా మార్చండి, మిగతా రెండింటికీ వాల్యూమ్‌లు మ్యాప్ చేయండి. కావాలనే ఒకే ఐక్యూఎన్ పెట్టి ఏం జరుగుతుందో చూడండి. కావాలనే వరుస తప్పించి మ్యాపింగ్ తీసి సర్వర్ ఎలా మొరాయిస్తుందో లాగ్‌లో చదవండి. ఇంటర్వ్యూలో వాల్యూమ్ ఎలా క్రియేట్ చేస్తావని అడిగితే అందరూ చెప్తారు. ఎలా తీసేస్తావని అడిగినప్పుడు ఈ వరుసంతా కారణాలతో చెప్పగలిగితే మీరు పని చేసిన మనిషని ఎదుటివారికి తెలుస్తుంది. నెట్‌యాప్, డెల్ సర్టిఫికెట్లు మంచివే, కానీ ఈ పని చేతికి వచ్చాక వాటికి డబ్బు పెట్టండి, కుదిరితే కంపెనీ చేత పెట్టించండి.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారు ఈ వారమే ఒక పని మొదలుపెట్టండి. మీ ఆరేలోని వాల్యూమ్‌లన్నిటినీ ఒక షీట్‌లోకి దించి, ఒక్కోదాని పక్కన మూడు కాలమ్‌లు గీయండి. ఏ సర్వర్‌కు మ్యాప్ అయింది, ఆ సర్వర్‌లో నిజంగా ఏ అప్లికేషన్ వాడుతోంది, ఆ అప్లికేషన్‌కు బాధ్యులెవరు. రెండో కాలమ్ ఖాళీగా మిగిలిన వాల్యూమ్‌ల జాబితాను మీ మేనేజరుకు పంపండి, వాటిలో ఒక్కదాన్నీ మీ అంతట మీరు డిలీట్ చేయకండి.